రెండు కిలోల ఏడొందలు

రొయ్యలు తూచే కాటా తెచ్చినాడు మాల్యాద్రి,
ఇంకా చెరువు వాసన పోలేదు దానికి.
పాత డిస్కు పెడితే తొమ్మిది కిలోల నాలుగొందలు.
కొత్తది పెడితే ఆరు కిలోల ఏడొందలు.
అంకెలు నిలబడిందాకా ఊపిరి బిగబట్టినాం ముగ్గురం,
నేనూ, కాలేషా, ఆ కారు గల్లాయన.

నెల్లూరు ఆటోనగర్లో ఇరవై రెండేళ్ళుగా లేతు తిప్పుతుండా.
ట్రాక్టరు డ్రమ్ములు, ఏరేటరు షాఫ్టులు,
పోర్టు లారీల హబ్బులు, ఏదొస్తే అది కోసినా.
చేసిన పని కనపడగూడదని అడిగినోడు మాత్రం
ఈయనొక్కడే.

ఇట్లాంటి రెండు సీట్ల కార్లోళ్ళు ఏమడుగుతారు?
డిస్కుకి బొక్కలు పెట్టు, గీతలు పెట్టు,
క్యాలిపరుకు ఎర్రరంగు కొట్టు,
రోడ్డున పోతుంటే చక్రంలోంచి మెరవాల.
మాల్యాద్రి గొంతు తగ్గించి చెప్పినాడు:
"అన్నా, బరువు తగ్గాల, బ్రేకు పెరగాల.
పైకి మాత్రం
కంపెనీలోంచి దిగినప్పుడు ఎట్లుందో అట్లనే ఉండాల."

బరువు తగ్గితే బ్రేకు పెరగదు సామీ,
దానికి ప్యాడ్లు మార్చాల, నూనె మార్చాల.
బరువు తగ్గితే చక్రం రోడ్డును వదలదు, అంతే.
"అన్నీ చెయ్" అన్నాడు.

నడుమ గిన్నె అల్యూమినియంలో తీసినా.
చుట్టూ పోత ఇనుప వలయం,
దాని పొట్టలో గాలి పోయే సందులు.
రెండింటినీ పది పిన్నులు పట్టుకుంటాయి,
రవ్వంత వదులుగా.
వేడికి ఇనుము ఒళ్ళు విరుచుకుంటే
గిన్నె అడ్డం పడగూడదు గదా.
పొత్తు కుదిరిన అన్నదమ్ముల మాదిరి, అంటాడు కాలేషా.
వాడికీ వాళ్ళన్నకీ మాటల్లేవు.

తెల్లటి అల్యూమినియాన్ని
ఇనుమనిపించేదానికి నాలుగు రోజులు పట్టింది.
బూడిదరంగు కొట్టి, దాని మీద ఊదినంత నలుపు.
అయినా కొత్తగానే చూస్తుండాది, దొంగది.
కాలేషా టీ డికాషను పూసినాడు తుప్పు కోసం.
ఈగలు వాలినాయి.
చివరికి పాత డిస్కు తుప్పే గీకి వార్నీషులో కలిపినాం.
కంపెనీ నంబరు కూడా గుద్దమంటే
"ఎవురు చూస్తారబ్బా ఆ లోపల?" అన్నా.
నవ్వలేదు మనిషి.

మూడో టీ దగ్గర బయటపడినాడు.
పోయిన కార్తీకంలో, కృష్ణపట్నం రోడ్డులో,
నాలుగుసార్లు పట్టిన బ్రేకు
ఐదోసారి తడిగుడ్డలా కిందికి పోయిందంట.
ముందర ఉప్పుమూట కట్టిన సైకిలు,
తొక్కేది పదమూడేళ్ళ పిల్ల.
అరడుగు మిగిలింది.
ఆ పిల్ల వెనక్కి చూసి, మూట సర్దుకుని పోయింది.
ఈయన ఇంకా అక్కడే ఉండాడు.
ఇంట్లో చెప్పలేదు.
మార్చినట్టు కనపడితే
ఎందుకు మార్చావని అడుగుతారు గదా.

గమ్మున నంబరు గుద్దినా.
ఏడో అంకె పాతదాంట్లో కొంచెం వంకర,
ఆ వంకర కూడా.

ఆదివారం తెల్లారకముందే ప్యాడ్లకు కాక పట్టించను బయల్దేరినాం.
ఎనభైకి పోవడం, ఇరవైకి దించడం,
నిలబడకుండా మళ్ళీ ఎనభైకి.
కాలిన వాసనకు ఆయన మొహం వాడిపోయింది.
"రావాల్సిన వాసనే" అన్నా.
గుంటలో పడిన చక్రం
లేచీ లేవంగానే రోడ్డును అందుకుంటుండాది.
నాకంటే ముందు ఆయనకే తెలిసింది అది, చేతుల్లో.

ఉప్పుమడుల మలుపు తిరగంగానే
బాతులు.
నాలుగొందలో ఐదొందలో,
కోసిన మడిలోంచి రోడ్డెక్కి
ఏదో పంచాయితీ తెగనట్టు అరుచుకుంటా.
మాల్యాద్రి తొక్కినాడు.
నేను ముందుకు చెయ్యి కూడా ఆనించలేదు.

పదహారడుగులు మిగిలినాయి,
దిగి నేనే కొలిచినా.
వంగి చక్రంలోకి చూస్తే
అదే బూడిదరంగు, అదే తుప్పంచు,
వేడి దిగతా సన్నగా టిక్కు టిక్కుమంటుండాది.
ఆయన స్టీరింగు వదల్లేదు చాలాసేపు.

బాతులు తోలే అతను,
భుజాన గడకర్ర, నోట్లో వేపపుల్ల,
మా వంక చూడనన్నా లేదు.
వెనకబడిన కుంటి బాతునొకదాన్ని
కాలితో మెల్లగా నెట్టి
అవతలి మడిలోకి దించినాడు.