పేరులేని బటన్

పాలకొల్లులో ఎరువుల కొట్టు పైన
మా సంఘం ఆఫీసు.
మెట్లు పదిహేడు, లెక్క నూకరత్నం గారిది.
యూరియా వాసన తగిలితే
మలుపొచ్చినట్టు.

ధాన్యం డబ్బుల వెబ్‌సైటు తెరిచి
ఆవిడ ట్యాబ్ నొక్కుతుంది.
కంప్యూటరు గొంతు పరిగెడుతుంది:
లింకు. లింకు. బొమ్మ. బటన్. బటన్.
ఏం బటనో చెప్పదు.
"రేవులోకి లాంచీ వచ్చింది గానీ
ఏ ఊరెళ్తుందో సరంగు చెప్పడే!"

నేను చూపున్నవాణ్ణి.
చేరిన వారమే తెరమీద తువ్వాలు కప్పేసి
కౌలురైతు ఫారం నింపమంది.
రెండు గంటలకి
ఇంకా నా పేరు దగ్గరే ఉన్నాను.

ఉత్తరాలు రాశాం. పదకొండోదానికి
ఇంజనీరు ఫోన్ చేశాడు:
"చూపులేనోళ్ళు ఎంతమందొస్తారండీ మా సైటుకి?"
"గుమ్మం పెట్టని ఇంటికి
ఎంతమందొస్తారు బాబూ?"

నిన్న, కాలవ కట్టేసిన రోజు,
కిటికీలోంచి బురద వాసన.
ఆవిడ మళ్ళీ ట్యాబ్ నొక్కింది.
బటన్. బటన్.
"దరఖాస్తు పంపించు, బటన్."

వెనక్కెళ్ళి మళ్ళీ విన్నది.
ఇంకోసారి.
"ఇంకా పధ్నాలుగున్నాయి," అని
చెంగుతో కీబోర్డు తుడుచుకుంది.