పేరులో నీడ

బెళుగుప్పలో మార్చి నెలకే
బడి రేకులు టపటపమంటాయి.
కొండమీది గాలిమర రెక్క నీడ
పొద్దస్తమానం మా ముంగిలి దాటిపోతుంది,
ఒక్కసారీ ఆగదు.

రెండో తరగతికి ఆ పొద్దు మెక్సికో.
నల్లబల్ల మీద టోపీ గీశాను:
చాటంత అంచు, నడుమ చెంబు బోర్లించినట్టు బుర్ర.
"సాంబ్రేరో" అన్నాను.
"సాంబారా మేడం?" అన్నాడు వన్నూరప్ప.
పాఠం కాసేపు వంటగది దాకా పోయి వచ్చింది.

అక్కడా ఎండే, అన్నాను.
మన గట్ల మీది నాగజెముడుకు
పుట్టినిల్లు ఆ దేశమే.
వాళ్ల భాషలో ఆ టోపీ పేరులోనే నీడ ఉంది.
"పేరులో నీడా!"
మస్తానమ్మ మెడ వంచి
నల్లబల్ల మీది అక్షరాల కింద వెతికింది.

పెండ్లిపత్రికలు చించాం, మైదా గంజి కాశాం,
చెంబుల మీద తడికాయితం పొరలుగా అద్దాం,
అంచులకు పాత కేలండరు అట్టలు.
రెండు దినాలు ఎండబెట్టాం.
ఎండ మాకు కరువా?
ఎండినాక కూడా ఒక టోపీ
సకుటుంబ సపరివార సమేతంగా రమ్మంటూనే ఉంది.

రంగులిచ్చాను.
వన్నూరప్ప అంచు చుట్టూ మిరపకాయలు.
ఎర్రిస్వామి ట్రాక్టరు,
దాని వెనక వాళ్ల నాయన ఫోను నంబరు.
అక్కడి పూలు ఇట్లుంటాయని చూపబోయి
ఊరుకున్నాను.

తిప్పక్క మాత్రం టోపీ తిరగేసుకుంది.
పైన ఒక్క గీతా లేదు.
అంచు అడుగున, నీలంలో నలుపు కలిపి
వేలితోనే పూస్తోంది.
"పైన వేయాల కదమ్మా, కనపడేది అదే కదా."
"ఈడైతే సల్లగుంటాది మేడం."

వంగి చూశాను.
బుడ్డల చేలో కలుపు తీస్తున్న వాళ్లమ్మ.
మూత పెట్టిన నీళ్ల బిందె.
నాలుక లోపలికి లాక్కున్న కుక్క.
ఒక తట్టు ఖాళీ.
అది బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయిన నాయనకంట,
వచ్చినాక గీస్తుందంట.
"మరి నువ్వేవీ?"
నన్ను వింతగా చూసింది.
"నేను కిందుండా గదా. నా నెత్తిన గదా అది!"

ఒంటిపూట బడి. పన్నెండున్నర గంట.
ఇరవై మూడు టోపీలు ఒకేసారి దాటబోతే
వాకిలి చాలలేదు.
అంచులు తట్టుకుని నిలిచాయి.
ఎవరూ తీయలేదు.
తలలు పక్కకు వాల్చి
ఒక్కొక్కరే ఎండలోకి జారుకున్నారు.

హాజరుపట్టీ నెత్తిన పెట్టుకుని
వాళ్ల వెనకే నేను.