నలభై ఒకటో బిళ్ళ

రాత్రి రెండున్నరకు నీళ్ళకని లేస్తే
నీ దుప్పటి లోపట నీలం వెలుగు,
గుడారంల దీపం పెట్టుకున్నట్టు.
గుంజుకున్న. గోడకేసి కొట్టిన.
రూవీల మా బిల్డింగు గోడలు పల్చన,
పక్కింటి మలయాళీ ఆయన దగ్గిండు.

నువ్వు ఏడ్వలే హంసికా.
పలిగిన అద్దం ముక్కలు ఒక్కొక్కటే ఏరి
అరచేతుల పెట్టుకొని అన్నవు:
"తొమ్మిదేండ్లు నన్ను సాదింది
దీంట్ల నుంచే గదా, బాపూ."

ఇగ నాకు నిద్రెక్కడిది.

నిజమే. నువ్వు అ ఆలు దిద్దింది చూసిన నేను
సోహార్ క్యాంపుల, పన్నెండు మంచాల రూంల,
సిగ్నల్ కోసం కిటికీ ఊచలకు ఫోను కట్టి.
నీ మొదటి పన్ను ఊడితే
రజిత తెరకు ఆనిచ్చి చూపింది.
అంత పెద్ద పన్ను నేనెన్నడు చూడలే.
పండుకో బిడ్డా అని ముద్దు పెడితే
పెదవులకు తగిలింది ఎచ్చటి అద్దం.

క్రేను నడిపెటోన్ని.
ఎంత బరువుకు ఎంత చెయ్యి చాపాల్నో
క్యాబిన్ల పట్టిక అంటిచ్చి ఉంటది.
చెయ్యి దూరం పోయినకొద్ది మోసే బలం తగ్గుతది.
పదిహేనేండ్ల బిడ్డను
ఎంత దూరం నిలబడి పట్టుకోవాల్నో
ఆ పట్టికల లేదు.

సైటు గేటు కాడ చెక్క అరలుంటయి.
ఫోను పెట్టి, ఇత్తడి బిళ్ళ తీసుకొని లోపటికి పోవాలె.
నాది నలభై ఒకటి.
ఎవ్వడు తిట్టడు, ఎవ్వని ఫోనూ పలగ్గొట్టరు.
సూపర్‌వైజరుది గూడ అండ్లనే ఉంటది,
అందరికన్న ముందు.

మూడో దినం పన్నెండు రియాళ్ళిచ్చి
నీ ఫోనుకు కొత్త అద్దం ఏపిచ్చిన.
ఖర్జూరం డబ్బా కడిగి టీవీ పక్కన పెట్టి
"తొమ్మిదిన్నర అయితే అందరియి ఇండ్ల" అన్న.
నువ్వు డబ్బా దిక్కు చూసి, నా దిక్కు చూసి
"ముందు నీది" అన్నవు.
అట్టముక్క గుండ్రంగ కోసి
నలభై ఒకటి అని రాసి నా చేతుల పెట్టినవు.

బువ్వ ముందట కూసొని
క్రేన్లు కూలే వీడియోలు ఎన్ని చూస్తనో
అప్పుడు తెలిసింది నాకు.
రజిత నవ్వు ఆపుకోలేక వంటింట్లకు పోయింది.

మొదటి రాత్రి ముగ్గురికీ మాటలు దొరకలే.
ఏసీ ఒక్కతే మాట్లాడింది.
నాలుగో రాత్రి నేనే దొంగతనంగ తీసిన,
సెలవు మంజూరైందో లేదో అని.
దొరికిన. రెండు దినాలు బోళ్ళు తోమిన.
నువ్వు గూడ ఒకపారి దొరికినవు గాని
లెక్క చూస్తే నాయే ఎక్కువ.

వారం పోయినంక అడిగిన, గొంతు తగ్గిచ్చి,
ఆ రాత్రి ఏం చూస్తుంటివి అని.
పాత బడి పిల్లలు గ్రూపుల నుంచి నిన్ను తీసేసిన్రట.
మల్ల కలుపుతరేమోనని
తెల్లారిందాక చూస్తుంటివట.

నాకు తెల్వనిదా బిడ్డా ఆ చూసుడు.
పై మంచం మీద పండుకొని
ఊరికి కరెంటు ఎప్పుడొస్తదా, కాల్ ఎప్పుడు కలుస్తదా అని
నేను చూడని రాత్రులా.
గోడకేసి కొట్టింది ఫోనునే అనుకున్న.

శుక్రవారం మత్రా కార్నిష్‌కు పోయినం.
డబ్బా ఇంట్లనే ఉన్నది.
చేపల మార్కెట్ మూసిండ్రు గాని వాసన మూతపడలే.
నువ్వు అమ్మ చెయ్యి ఇడిచి ముందట నడుస్తున్నవు,
ఎడమ కాలు జర బయటికి ఏసుకుంట.
అచ్చం మా అవ్వ నడక.
తెరల ఎన్నడు చూసినా నీ మొఖమే,
భుజాల కాడికే నువ్వు అయిపోతుంటివి.

ఫోటో తీద్దామని జేబుల చెయ్యి పెట్టిన.
అట్టబిళ్ళ తగిలింది.
తీసి చూస్తే చెమటకు ఒకటి అలుక్కపోయి
నాలుగే మిగిలింది.
అప్పటికే నువ్వు చానా దూరం పోయినవు.
ఆగుమనలే,
జర జోరుగ నడిచిన.