ఆలస్యాల పట్టిక

ఎర్రసిరాతో రాసేవాణ్ణి:
ఇస్మేనియా రెమొల్కోయ్, పది నిమిషాలు.
మర్నాడు అరవై.
ఆ మర్నాడు నూటపది.
గురువారం మధ్యాహ్నం రొట్టె వేళకి దిగింది,
మోకాళ్ళ దాకా బురద, గోళ్ళలో ఉప్పు.
"ప్రొఫే, లోపలికి రావచ్చా?"

చిలోయె ద్వీపం. ఇక్కడ ఇళ్ళు కూడా
కొయ్యకాళ్ళ మీద నిలబడి నీటికి దారిస్తాయి.
నేను ఉత్తరాన ఎడారిలో పుట్టినవాణ్ణి,
వాన అంటే మా అమ్మ చెప్పిన కథ.
ఇక్కడ వాన ఆగితే పిల్లలు కిటికీ వైపు చూస్తారు,
ఏదో తప్పు జరిగినట్టు.

ఏడాదంతా పాఠం చెప్పాను.
సైన్స్ గొప్పదన్నాను, దీపమన్నాను, రేపటికి తాళంచెవి అన్నాను.
ఇరవై రెండు ఆవలింతలు.
అన్సెల్మో బల్లకింద వల అల్లుకుంటున్నాడు
(నిజం చెప్పాలంటే నా పాఠం కన్నా ఆ ముడే గట్టిది).

జూన్‌లో ఓ రాత్రి, పొయ్యి పక్కన బూట్లు ఆరబెట్టి
పై ఆఫీసుకి పంపాల్సిన హాజరు లెక్కలు కూడుతున్నాను.
పది, అరవై, నూటపది, సగం రోజు, ఒక గైర్హాజరు.
తర్వాతి వారమంతా బుద్ధిగా వేళకే.
ఆ పై వారం, మంగళవారం, మళ్ళీ పది.
బుధవారం అరవై.
పెన్ను ఆగింది.
బద్ధకానికి ఇంత క్రమశిక్షణ ఉంటుందా?

పొద్దున్నే అడిగాను, గొంతు తగ్గించి.
ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని
పడవల కొట్టం దాకా లాక్కెళ్ళింది.
అక్కడొక సైప్రస్ గుంజ, దాని నిండా కత్తిగాట్లు:
నీరెంత దిగిందో, ఏ రోజో, చంద్రుడెంత మిగిలాడో.
"ఆటు రోజూ యాభై నిమిషాలు వెనక్కి జరుగుద్ది, ప్రొఫే.
గోనె నిండితేనే మా అమ్మ కాస్త్రో బజారుకెళ్ళేది.
గుల్లలు నా కోసం ఆగవు గదా.
మీరైతే ఆగుతారు."

మూడేళ్ళ గాట్లు.
తడిమి చూశాను. నా డిగ్రీ కాగితానికి ఇంత లోతు లేదు.

"మరి యాభయ్యే ఎందుకు?" అన్నాను.
"అది మీరు చెప్పాలి."
చెప్పొచ్చు. పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉంది.
నోటిదాకా వచ్చిన జవాబుని
ఉద్యోగంలో మొదటిసారి మింగేశాను.

ఆ వారం బడి గోడల మధ్య జరగలేదు.
అన్సెల్మో చంద్రుడు, బొద్దుగా ఉన్నాడు గనక.
ఇస్మేనియా భూమి. తిరిగి తిరిగి
కళ్ళు తిరిగి బురదలో పడింది.
లేచి మళ్ళీ తిరిగింది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి
చంద్రుడు తన దారిన ఓ అడుగు జరిగిపోయాడు.
"ఆగరా!" అని అరిచింది భూమి,
వాడికి ఎదురు రావడానికి ఇంకాస్త తిరుగుతూ.
ఆ అరుపు మధ్యలో నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.
ఆ నిమిషాన్ని ఏ రిజిస్టర్లో రాయను?

"అయితే ఆలస్యం నాది కాదు," అంది మెల్లగా,
"వాడిది!"

ఇప్పుడు రేవులో ప్రతి గుంజకీ గాట్లున్నాయి.
ఏ ఇద్దరి లెక్కా కలవదు. అరుచుకుంటారు,
నీ కత్తి వంకరంటే నీ కన్ను వంకరని.
వాళ్ళలా కొట్టుకున్నప్పుడే నాకు ఆశ పుడుతుంది.

నిన్న ఆఫీసు నుంచి ఉత్తరం:
"హాజరు పట్టికలో 'ఆలస్యం' అన్న మాట కొట్టివేసి
'ఆటు' అని రాసియున్నారు. కారణం తెలుపగలరు."

జవాబు పిల్లలు రాస్తున్నారు.
ఇంకో పున్నమి గడువు కావాలట,
రుజువుకి.