ముప్ఫై సెకన్ల నిశ్శబ్దం

రెనాటో ఒకాంపో చొక్కా లోపల
మూడో గుండీ వెనక
మినపగింజంత మైకు అతికించడం నా పని.
పొద్దున్నే, ఏడింటికి, చల్లటి వేళ్లతో.
"నీ చేతులు చేపల మార్కెట్టు, వార్తాన్" అంటాడు రోజూ.
రోజూ నవ్వుతాను.
అదీ రికార్డవుతుంది.

మూడో సీజను, ఎనిమిదో ఎపిసోడు.
కాగితం మీద రెండే గళ్లు: పని, ఆట.
పని అంటే విల్మింగ్టన్‌లో బడి వెనక
పదకొండు మెట్ల మీంచి స్కేట్‌బోర్డుతో దూకడం.
ఆట అంటే అద్దెకు తెచ్చిన ఉష్ట్రపక్షితో
పెరట్లో పరుగుపందెం, బావమరిది క్రిస్పిన్ రెఫరీ.
ఒప్పందం ప్రకారం మూడు గంటలు ఆడాలి.
నవ్వాల్సిన చోట్ల పసుపు గీతలు గీసి ఉన్నాయి.

వాళ్లు చూస్తారు. నేను వింటాను.
పాత సిమెంటు మీద చక్రాలు శనగలు వేయిస్తాయి.
కొత్త సిమెంటు మీద పట్టుగుడ్డ చింపుతాయి.
ముప్ఫై నాలుగేళ్ల మోకాలు
మరచెంబు మూత తిప్పినట్టు కిర్రుమంటుంది,
ఆ ముక్క ఎడిటింగులో తీసేస్తారు.
దూకే ముందు అమ్మమ్మ భాషలో లెక్కపెట్టుకుంటాడు
ఇసా, దలవా...
మూడు మాత్రం ఎప్పుడూ పైకి అనడు.

ఆ రోజు ఇరవై రెండుసార్లు పడ్డాడు.
చెక్క పడితే ఒక చప్పుడు, ఎముక పడితే ఒకటి.
హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి చెప్పక్కర్లేదు ఏది ఏదో.
"అద్భుతంగా పడ్డావు రెనో!" అంది ట్రూడీ
మానిటరు వెనక నుంచి.
అది పొగడ్తే. మనసారా అన్న మాటే.

గేటు దగ్గర ఓడెల్, తాళాల గుత్తితో.
పంతొమ్మిదేళ్ల కిందట ఇవే మెట్ల మీద
ఈ రెనాటోనే నిజంగా తరిమిన వాచ్‌మన్.
అప్పుడు గంటకి ఏడు డాలర్లు.
ఇప్పుడు, అనుమతి పత్రం జేబులో పెట్టుకుని
మళ్లీ తరిమినందుకు పూటకి నాలుగొందలు.
"కాస్త కోపంగా, ఓడెల్!" అంటారు.
పాపం, ఎంత ప్రయత్నించినా
ఆయన గొంతులో మనవణ్ణి అన్నానికి పిలిచే ఓడెలే పలుకుతాడు.

ఐదున్నరకి వెలుగు పోయింది.
కెమెరాలు కళ్లు మూశాయి.
మిగిలింది నా వంతు:
ఆ చోటుకి ఉండే ఉత్త చప్పుడు, ముప్ఫై సెకన్లు.
మాటల మధ్య అతుకులు వెయ్యడానికి
ఒట్టి నిశ్శబ్దం కూడా సరుకే మాకు.
చెయ్యెత్తాను. అందరూ ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు,
నోట్లో శాండ్‌విచ్ ముక్కతో క్రిస్పిన్ కూడా.

రేవులో క్రేను మూలుగు.
జెండా కర్రకి తాడు టిక్కు టిక్కు.
ఒక సముద్రకాకి.
తొమ్మిదో సెకనుకి
శనగలు వేగడం మొదలైంది.

కళ్లెత్తి చూడలేదు నేను. సూదినే చూస్తున్నాను.
ఇసా. దలవా.
తత్లో.
ఆ తర్వాత ఏమీ లేదు.
గాల్లో ఉన్న చక్రాలకి చప్పుడుండదు కదా,
అది సెకను కూడా ఉండదు,
పదిహేనేళ్ల నా నౌకరీలో
అంత లోతైన ఖాళీ ఎక్కడా దొరకలేదు.
నాలుగు చక్రాలూ ఒక్కసారే నేలనడిగాయి,
నేల సరేనంది.

తాళాల గుత్తి గలగల.
తరమడానికి కాదు,
గుత్తి చేతిలో ఉండగానే చప్పట్లు కొట్టాడు ఓడెల్.

"ఎవరైనా తీశారా?" ట్రూడీ గొంతు.
ఎవరూ తియ్యలేదు.
"మళ్లీ ఒక్కసారి, రెనో? లైట్లు పెట్టిస్తాను."
అతను మూడో గుండీ విప్పి
మైకు పీకి నా అరచేతిలో పెట్టాడు, వెచ్చగా ఉంది.
"ఇప్పుడు ఆడుకున్నాను" అన్నాడు.
అది రికార్డు కాలేదు.

టీవీలో ఉష్ట్రపక్షి పదకొండు నిమిషాలు వచ్చింది.
పడటాలకి డప్పుల సంగీతం వేశారు.
నా ఫైలు పేరు పక్కన నేనే రాశాను, పనికిరాదు అని.
నిశ్శబ్దం మళ్లీ తీసుకున్నాం ఆ సాయంత్రమే.
ముప్ఫై సెకన్లు, ఎవరూ కదల్లేదు.
శుభ్రమైన నిశ్శబ్దం.
ఎక్కడైనా అతికించుకోవచ్చు.