పులుపు ఎనుక

ఆరుద్ర పురుగులు ఎర్రగ బయటికొచ్చే యాళ్లకు
పిట్టలగుట్ట మీద కలెకాయ పాలువట్టేది.
ముండ్లకు రైక చేతులు చింపుకొని
కొంగుల సోలెడు తెచ్చేది ఓదెలమ్మ,
మా ఆయనకు నాయినమ్మ,
నాకు కూర నేర్పిన మనిషి.

నేర్పిందంటే పక్కన కూసొని చెప్పలే.
చుట్ట తాక్కుంట అరుగు మీంచే వాసన వట్టేది.
"ఉల్లిగడ్డ మాడుతాంది" అనేది.
"కుడుక ఇంకింత నూరు" అనేది.
గంజు దిక్కు చూడకుంటనే
అండ్ల ఏమైతాందో ఆమెకెరుక.

నేనొచ్చిన మొదటి వానకాలం
సారంగపాణి మోదుగాకుల కట్టిచ్చిన కుప్పల
ఎముకలే ఎక్కువ.
నేను తొందరపడ్డ.
ముక్కతోనే కాయ ఏసిన.
రెండు గంటలు కట్టెలు కాలినయి,
ముక్క చెప్పుతోలు లెక్కనే ఉన్నది.
మామ నమిలి నమిలి తలె అంచుకు పెట్టిండు.
మా ఆయన మంచినీళ్లు తాగిండు,
మల్ల తాగిండు.
పండ్లు లేని ఓదెలమ్మ ఒక్కతే
జొన్నరొట్టె తుంచి పులుసుల ముంచి
చప్పరించుకుంట తిన్నది.
"పులుసు మంచిగుంది బిడ్డా."

అందరు లేచినంక, గిన్నెలు తోముతాంటె, మెల్లగ:
"పులుపు ఎనుక. ముక్క మెత్తవడ్డంక.
ముందుగాల పులుపు తగిలితే
ఏదైనా బిర్రుగనే ఉంటది."

ఏదైనా అన్నది. కూర ఒక్కటే అనలే.
ఆ మాట మా ఆడిబిడ్డ కాడ వాడుకోవాల్సింది,
వాడుకోలే.
అది వేరే ముచ్చట.

గుట్టను లీజుకిచ్చిండ్రు.
ముందు రోడ్డేసిండ్రు, ఎనుక కంప్రెషర్లు దిగినయి.
రోజు మూడు గంటలకు పేలుడు,
పొయ్యి మీద గంజుమూత గలగల.
ఓదెలమ్మ పోయిన మరుసటేడుకు
గుట్టకు పొద్దుమూకి దిక్కు లేనే లేదు.

ఎల్కతుర్తి అంగడంత తిరిగిన.
"కలెకాయ ఎక్కడిదక్కా, చింతకాయ తీస్కపో" అన్నరు.
చింతకాయతోని చేసిన.
ఎండకాలం మామిడికాయతోని చేసిన.
మంచిగనే ఉంటది, కాదంటలేను.
మామిడి పులుపు నాలుక మీద మెరిసి పోతది,
కలెకాయది మింగినంక మల్లొచ్చి
గొంతుల కూసుంటది.

క్వారీల డ్రిల్లు కొట్టే ఒడిశా పిలగాడు బైకుంఠ
మా దుకాణంల ఉద్దెర కాతాదారు.
ఉల్లిగడ్డలు, బీడీలు, రీచార్జి.
మొన్న పొద్దుగూకంగ వచ్చి
పసుపు హెల్మెటు గల్ల మీద బోర్లించిండు.
గలగల కలెకాయలు,
తెలుపు మీద గులాబి చాయ,
తొడిమల కాడ ఇంక పాలు ఆరలే.
రేపు పేల్చే దిక్కు ఒక్క చెట్టు మిగిలిందట.
వాళ్ల ఊర్ల దీని పేరు వేరట,
రెండుసార్లు చెప్పిండు, నాకు నోరు తిరగలే.
ఉద్దెరల పట్టుకోమన్నడు.
నలభై రూపాయలు కొట్టేసిన.

ఐతారం నాడు
కత్తికి నూనె రాసి కాయల నడుమకు కోసి
గింజలు తీసి ఉప్పునీళ్లల్ల ఏసిన.
కుక్కర్ ముట్టలే. గంజే పెట్టిన.
అల్లం, ఎల్లిగడ్డ, కుడుక, గసాలు.
గరిటెతోని ఒత్తితే ముక్క
ఎముకను ఇడిసేదాక ఆగిన.
అరుగు మీద ఎవ్వలు లేరు.
అయినా ఓసారి అటు చూసి
అప్పుడు ఏసిన కాయ.

మామ ఈసారి ఎముకలు గుడ చీకిండు.
బైకుంఠకు టిఫిన్ డబ్బల పంపిన,
లెక్కల రాయలే.

మర్నాడు డబ్బ కడిగి తెచ్చిండు.
ఉత్త గిన్నె తిప్పియ్యొద్దని
వాళ్ల దిక్కు గుడ ఉంటదేమో.
లోపల పిడికెడంత రాయి,
చాయ రంగుది.
ఒక దిక్కు కోతమిషన్ నున్నగ చేసింది,
ఒక దిక్కు గుట్ట లెక్కనే గరుకు.

దాంతోనే ఎల్లిగడ్డ దంచుతాన.
గరుకు దిక్కుతోని.
నున్నటి దిక్కు జారుతది.