అతుకు

చిత్తూరు బెల్లం మండీలో
గోతాలకు అతుకులేసేది నా పని.
దబ్బనం, పురికొస, బొటనవేలికి ఇనప తొడుగు.
మొగిలప్పది ఎత్తే పని.
ముప్పై ఏండ్లు వాడు మోసినాడు,
నేను దగ్గినాను.
ఇద్దరికీ ఒకే ఏడు పేగు జారింది.
వానికి కుడి గజ్జలో, నాకు ఎడమ.
నిలబడితే నిమ్మకాయంత బయటికొచ్చి
పడుకుంటే దొంగమాదిరి లోపలికి పోయేది.

తిరుపతి పెద్దాస్పత్రిలో
డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది.
"ఇది గోడ, ఇది బొక్క.
మీద కోసి వల పెట్టొచ్చు.
లేదంటే మూడు చిల్లులేసి, కెమెరా పంపి
లోపల్నుంచే పెట్టొచ్చు."

నవ్వొచ్చింది.
అమ్మా, ఇది నాకు చెప్పాల్నా?
నిండు గోతానికి బయట అతుకేస్తే
బరువంతా కుట్టే మోయాల.
లోపలేస్తే
బెల్లమే దాన్ని అదిమి పట్టుకుంటాది.
నాకు లోపలిదే వెయ్యి.

ఆమె నా రొమ్ముకు గొట్టం ఆనించి
చానాసేపు విన్నది.
గోనె దుమ్ము, బీడీ పొగ,
అన్నీ వినపడినట్టుండాయి.
"దానికి మొత్తం మత్తియ్యాల.
నీ ఊపిరితిత్తులు ఒప్పుకోవు పెద్దాయనా.
నడుముకు సూదేసి మీద నుంచే కుడతా.
అతుకు ఎక్కడేసినారని కాదు,
కుట్టిన చెయ్యి ఎట్లాంటిదో చూడు."
నేను రైతులకు చెప్పే మాటే,
నాకే తిప్పి చెప్పింది.

మొగిలప్పకు మూడు చిల్లులు.
మర్నాడే బస్సెక్కి, కిటికీ సీటు కోసం
ఎవురితోనో కొట్లాడినాడంట.
నాకు నాలుగు వేళ్ళ పొడుగు గాటు.
మంచం దిగేదానికి గోడ కావాల, కొడుకు భుజం కావాల.
గాటు కింద రూపాయి బిళ్ళంత చోటు
ఇప్పటికీ నాది కాదు, గిల్లినా తెలీదు.

అయితే మండీ మేస్త్రికి
కెమెరా కత ఎవురు చెప్పాల?
మొగిలప్ప చొక్కా ఎత్తి చూపిస్తే
"దోమలు కుట్టినాయా?" అన్నాడు.
బరువు ఎత్తకూడదని రాసిన చీటీని
అరటిపండు తొక్కతో పాటు పక్కన పెట్టి
పదోనాడే తలగుడ్డ విసిరినాడు.
నా గాటు చూసి మాత్రం
తన కుర్చీ నాకేసినాడు.

ఆ కుర్చీలో కూచుని
మొగిలప్ప ఎత్తే గోతాలకు
ఒక జానెడు కిందే మూతి కుడతా వచ్చినా.
ఎవురూ అడగలేదు.

పొద్దుగూకినాక వాడొచ్చి నా పక్కన కూలబడి
"అన్నా, నీ మచ్చ
రెండు దినాలు అప్పియ్యవా?" అన్నాడు.
నవ్వబోయి
ఇద్దరం గజ్జలు పట్టుకున్నాం.